దరువుకి మతం లేదంటారు, పేరు మాత్రం అడుగుతారు

ఈ దేశంలో పాటకి రెండు రకాల చెవులున్నాయి. ఒక చెవి మాటలే వింటుంది, ఇంకో చెవి దరువే వింటుంది. పాడినవాడి పేరు అహ్మదో అక్బరో అయితే మొదటి చెవి నిక్కబొడుచుకుంటుంది. ఒక్కో మాటనీ పట్టుకుని నిలదీస్తుంది. ఎవర్ని అన్నావు, ఎవరు నేర్పారు, డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది అని ఆరా తీస్తుంది. అదే ఎవరో మెజారిటీ మతం పేరు చెప్పుకుని, మా గల్లీ మొదట్లో డీజే బండి ఆపి, మమ్మల్ని దేశం వదిలి పొమ్మనే పాట పెడితే రెండో చెవి తెరుచుకుంటుంది. 'అబ్బ, ఏం బీటండీ!' అంటుంది. 'కుర్రాళ్లు సరదాగా ఎగురుతున్నారు, మీరు మాటలెందుకు పట్టించుకుంటారు?' అని తిరిగి మాకే బుద్ధి చెబుతుంది.

ఈ రెండు చెవులూ ఒకే తలకి ఉండటమే నా ఫిర్యాదు.

డాన్సు పాట మీద కూడా అస్తిత్వ వ్యాసమా అని ముఖం చిట్లించే మిత్రులుంటారని తెలుసు. కవిత మీద రాయొచ్చు, కథ మీద రాయొచ్చు, సినిమా మీదా రాయొచ్చు. లాప్‌టాప్‌లో తయారై, బాక్సుల్లోంచి బద్దలయ్యే ఈ మోత మీద రాయడానికేముంది అనుకుంటారు. అయ్యా, మీరు రాసిన కవితని వెయ్యి మంది చదివితే గొప్ప. ఆ మోతకి ఒక్క సాయంత్రం ఒక్క రోడ్డు మీద వేల మంది ఎగురుతారు. వాళ్ల కాళ్లకి తెలిసింది వాళ్ల తలకెక్కడానికి ఎంతో కాలం పట్టదు. అందుకే ఈ గొడవ.

ముందు కాస్త దూరం వెళ్లొద్దాం. దూరంగా ఉన్నది చూస్తే దగ్గరున్నది బాగా కనిపిస్తుంది.

1994లో బ్రిటన్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. పొలాల్లో, ఖాళీ స్థలాల్లో రాత్రంతా గుంపులుగా చేరి ఎలక్ట్రానిక్ సంగీతానికి డాన్సు చేసే యువకుల్ని చెదరగొట్టడానికి పోలీసులకి అధికారాలిచ్చింది. అందులో విచిత్రమేమిటంటే, ఏది ఆ సంగీతం అని చెప్పడానికి, మళ్లీ మళ్లీ అదే పనిగా వచ్చే దరువుని చట్టంలోకే ఎక్కించారు. ప్రపంచంలో దరువు మీద రాసిన చట్టాలు ఎన్నున్నాయో గానీ, ఇది మాత్రం పేరు మోసింది. ఆ ఏడాదే ఎసెక్స్ కుర్రాళ్ల ప్రాడిజీ బృందం 'మ్యూజిక్ ఫర్ ద జిల్టెడ్ జనరేషన్' అనే ఆల్బమ్ తెచ్చింది. అందులో ఒక పాట నేరుగా ఆ చట్టాన్ని బూతు మాటతో ఎదిరిస్తుంది. ఏమైంది? ఆల్బమ్ అక్కడి పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ దేశపు పేరున్న మెర్క్యురీ బహుమతి తుది జాబితాలో చేరింది. ఒక తరం కోపం అన్నారు, యువత గొంతు అన్నారు. మంచిదే. కోపం వచ్చిన పిల్లల కోపాన్ని కోపంగానే విన్నారు. అలా వినడమే సరైన పని.

అదే 1994లో ఇంకో ఆల్బమ్ కూడా వచ్చింది. పేరు 'సీజ్ ద టైమ్'. బృందం పేరు ఫన్-డా-మెంటల్. నడిపించినవాడు అకీ నవాజ్. బ్రాడ్‌ఫోర్డ్‌లో పెరిగిన పాకిస్తానీ కుటుంబపు కుర్రాడు. అంతకు ముందు ఒక పంక్ బృందంలో డ్రమ్ములు వాయించినవాడు. ఎలక్ట్రానిక్ దరువు మీద ఖవ్వాలీ గొంతులూ మాల్కం ఎక్స్ ఉపన్యాసాలూ కలిపి, తెల్లవాళ్ల జాత్యహంకారం మీద విసిరాడు. అతన్నీ అతని జతగాళ్లనీ విమర్శకులు అదోరకంగా మెచ్చుకున్నారు. 'కోపిష్టి ఆసియన్లు' అనే ఒక గూట్లో పెట్టి మెచ్చుకున్నారు. ఎసెక్స్ కుర్రాళ్ల కోపం ఒక తరం కోపమైంది. బ్రాడ్‌ఫోర్డ్ కుర్రాళ్ల కోపం ఒక జాతి లక్షణమైంది. తేడా చూశారా?

అసలు కథ 2006లో జరిగింది. అకీ నవాజ్ 'ఆల్ ఈజ్ వార్' అనే ఆల్బమ్ తయారుచేశాడు. ఉపశీర్షికలో జిహాద్ అనే మాటని విరిచి పెట్టాడు. ముఖచిత్రం మీద అమెరికా స్వేచ్ఛా విగ్రహం, అబూ గ్రైబ్ జైల్లో ముసుగు తొడిగి నిలబెట్టిన ఖైదీ వేషంలో ఉంటుంది. అంతకు ముందు ఏడాదే, 2005 జూలై 7న, లండన్‌లో బాంబులు పేలి 52 మంది చనిపోయారు. ఉగ్రవాదాన్ని కీర్తిస్తే నేరం అనే కొత్త చట్టం 2006లో వచ్చింది. ఆల్బమ్ ఇంకా బజార్లోకి రాకముందే పత్రికలు మొదటి పేజీ గోల మొదలుపెట్టాయి. ఒక పార్లమెంటు సభ్యుడు పోలీసులు చూడాల్సిన సంగతి అన్నాడు. నవాజ్ సొంత కంపెనీలో డైరెక్టర్లుగా ఉన్నవాళ్లే ఇది వేస్తే రాజీనామా చేస్తామన్నారు.

గోలంతా ఎక్కువగా ఒక పాట మీద. ఆ పాటలో మూడు చరణాలు. మొదటి చరణంలో ఒకడు తన ఒంటికి బాంబు కట్టుకుంటాడు. రెండో చరణంలో ఇంకొకడు రేడియోధార్మిక పదార్థంతో బాంబు తయారుచేస్తాడు. మూడో చరణంలో ప్రభుత్వ జీతం తీసుకునే శాస్త్రవేత్త, మనుషుల్ని చంపి కట్టడాల్ని వదిలే న్యూట్రాన్ బాంబు చేస్తాడు. ముగ్గుర్నీ వరసలో నిలబెట్టి, ఇందులో హంతకుడు ఎవడని అడగడమే పాట. పత్రికలకి మొదటి చరణం ఒక్కటే వినపడింది. మూడో చరణం చదవడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. మూడో చరణం వరకూ వినాలంటే పాడినవాణ్ణి మనిషిగా ఒప్పుకోవాలి. మొదటి చరణం దగ్గరే ఆగిపోతే అతను అనుమానితుడుగానే మిగిలిపోతాడు. అది వాళ్లకి సులువు.

చివరికి కేసూ నడవలేదు, జైలూ లేదు. ఆల్బమ్ మీద జరగాల్సిన చర్చ మాత్రం జరక్కుండా పోయింది. జరిగి ఉంటే నాకూ చెప్పాల్సిందుంది. అందులో చే గెవారానీ బిన్ లాడెన్‌నీ పక్కపక్కన నిలబెట్టిన ట్రాకులున్నాయి. ఆ జోడింపు నాకు సమ్మతం కాదు. బిన్ లాడెన్ రాజకీయం పేదవాడి తిరుగుబాటు కాదు. ఆ రాజకీయం ముందుగా బలి తీసుకున్నది కాబూల్‌లోనూ బాగ్దాద్‌లోనూ కూలికి పోయే ముస్లింలనే. ఇలా అనడం విమర్శ. 'వీణ్ణి లోపలెయ్యండి' అనడం విమర్శ కాదు. పోలీసు వచ్చి కూర్చున్న చోట విమర్శకుడికి నిలబడే జాగా కూడా ఉండదు. ఒక ముస్లిం శ్రోత ఒక ముస్లిం గాయకుడితో గట్టిగా పోట్లాడే హక్కుని కూడా ఆ గోల లాక్కుంది. ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ముస్లిం పేరే కానక్కర్లేదు, తెల్లగా లేని పేరైతే చాలు అనడానికి ఇంకో ఉదాహరణ ఎం.ఐ.ఎ. శ్రీలంక తమిళ బిడ్డ. 2005లో 'అరులర్', 2007లో 'కళ' అని రెండు డాన్సు ఆల్బమ్‌లు తెచ్చింది. మొదటిది తండ్రి ఉద్యమంలో వాడుకున్న పేరు, రెండోది తల్లి పేరు. ఆమె పాట ఒకదాని వీడియోని, పాలస్తీనా విమోచన సంస్థ ప్రస్తావన ఉందని, ఎంటీవీ వెయ్యలేదు. 'కళ' తయారీలో కొంత భాగం చెన్నైలో మన డప్పుల మధ్య జరిగింది. అందులోని 'పేపర్ ప్లేన్స్' అనే పాటలో తుపాకి చప్పుళ్లూ, డబ్బు పెట్టె తెరుచుకున్న చప్పుడూ వస్తాయి. వలస వచ్చినవాణ్ణి చూసి పక్కవాడు పడే భయాన్ని వెక్కిరించడమే ఆ చప్పుళ్ల పని. ఎంటీవీ ఆ తుపాకి చప్పుళ్లు మార్చేసింది. విమర్శకులు కొందరు ఆమె పులుల్ని సమర్థిస్తోందన్నారు. ఇంకొందరు ఆమెకి రాజకీయమంటే అలంకారమన్నారు. శ్రోతలు మాత్రం ఆ పాటకి ప్రపంచమంతా ఎగిరారు. 2008లో 'స్లమ్‌డాగ్ మిలియనీర్' సినిమాలో కూడా అదే పాట వినిపించింది. హాలీవుడ్ సినిమాలో వెయ్యి తుపాకులు పేలినా ఎవరూ బెదరరు. నల్ల పిల్ల పాటలో నాలుగు చప్పుళ్లు మాత్రం దేశభద్రతకి ముప్పు.

అదీ దూరపు సంగతి. ఇక మన ఊరికి వద్దాం.

విశాఖపట్నంలో 'డీజే' అంటే మనిషి కాదు, బండి. ట్రాక్టరు మీదో వ్యాను మీదో మిద్దెల్లా పేర్చిన బాక్సులు, వెనక జనరేటరు, పక్కన లాప్‌టాప్ పట్టుకున్న కుర్రాడు. పెళ్లికీ అదే, పండగకీ అదే, పార్టీ ర్యాలీకీ అదే. దీని పనితనం ఒకసారి గమనించండి. నిమిషానికి నూట ఇరవయ్యో నూట ముప్ఫయ్యో దెబ్బలు, ఒకే వరస. కింది బాక్సుల్లోంచి వచ్చే లావు శబ్దం చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. కొంతసేపయ్యాక దరువు హఠాత్తుగా ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో ఒక నినాదం వినిపిస్తుంది. అప్పటికే ఊపుమీదున్న గుంపు ఆ ఖాళీని తన గొంతుతో నింపుతుంది. వెంటనే దరువు రెట్టింపు బలంతో పడుతుంది. నినాదం ఇచ్చినందుకు శరీరానికి బహుమతి దొరికినట్టన్నమాట. ఆ ఖాళీలో సినిమా హీరో డైలాగు పెడితే అభిమానం అవుతుంది. నాయకుడి పేరు పెడితే ఓటు అవుతుంది. పొరుగువాణ్ణి తిట్టే మాట పెడితే ఏమవుతుందో నేను చెప్పాలా?

కాబట్టి 'బీటు వేరు, మాట వేరు' అనే వాదన అబద్ధం. ఆ మాట కోసమే బీటు ఆగింది. ఆ బీటు కోసమే గుంపు ఆ మాట అంది. రెండూ కలిస్తేనే ఆ పాట. విడదీసి ఒకటే వింటానంటే నువ్వు వినడం లేదని అర్థం.

2022 ఏప్రిల్‌లో రాజస్థాన్ కరౌలీలో ముస్లింలుండే వీధిలోంచి వెళ్లిన ఊరేగింపులో రెచ్చగొట్టే పాటలు పెట్టారని, ఆ తర్వాత రాళ్లు, ఆ తర్వాత మంటలు అని పత్రికలన్నీ రాశాయి. ఇలాంటి పాటలు కట్టి, పాడి, యూట్యూబ్‌లో అమ్ముకుని బతికే ఒక పరిశ్రమే ఉందని జర్నలిస్టు కునాల్ పురోహిత్ ఊరూరా తిరిగి 'హెచ్-పాప్' అనే పుస్తకం రాశాడు. ఉత్తరాది గొడవ మనకెందుకు అనుకోకండి. మన హైదరాబాద్ గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ శ్రీరామనవమి ఊరేగింపు కోసం తన గొంతుతోనే పాటలు విడుదల చేస్తూ వచ్చారు. 2019 ఏప్రిల్‌లో ఒక తమాషా జరిగింది. ఆయన భారత సైన్యానికి అంకితమంటూ పాట విడుదల చేస్తే, పాకిస్తాన్ సైన్యం అధికార ప్రతినిధి, ఇది మా మార్చి 23 పండగ కోసం సాహిర్ అలీ బగ్గా పాడిన పాటకి కాపీ అన్నాడు. రాజాసింగ్ కాదన్నారు. రెండు దేశాల జనం రెండు పాటల్నీ పక్కపక్కన పెట్టుకుని నవ్వుకున్నారు.

నేను నవ్వలేకపోయాను. ఎవరు ఎవర్ని కాపీ కొట్టారనేది నాకు ముఖ్యం కాదు. ఆ వారం పాటూ జరిగిన చర్చంతా ట్యూను ఎవరిది అనే. ఆ ట్యూను ఏ వీధిలో, ఎవరి గుమ్మం ముందు, ఎవర్ని ఉద్దేశించి మోగుతుంది అని అడిగినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. 2020 సెప్టెంబరులో ఫేస్‌బుక్ రాజాసింగ్‌ని ద్వేషపు మాటల కింద నిషేధించింది. ఎక్కడో అమెరికాలో ఉన్న కంపెనీకి, అదీ అంతర్జాతీయ పత్రికల్లో అల్లరయ్యాక, వినపడింది. మన సాహిత్య పేజీలకి, మన సంగీత విమర్శకులకి, మన అభ్యుదయ వేదికలకి ఎందుకు వినపడదు? మినీ కవిత మీద పుటలు పుటలు రాస్తారు. అవార్డు రాని కథ మీద సభలు పెడతారు. లక్షల మంది ఒంట్లోకి దిగుతున్న పాటని 'అదేం సాహిత్యమండీ' అని పక్కకి నెట్టేస్తారు. మీకు సాహిత్యం కానిది మాకు గుమ్మం ముందు నిలబడ్డ గుంపు.

నా వృత్తి వల్ల కూడా ఒకటి చూశాను. ఎక్కడ ఏ ఊరేగింపు గొడవ జరిగినా నాకు వచ్చే పని ఒకటే. 'ముస్లిం స్పందన తీసుకురండి'. పాట కట్టినవాడి స్పందన ఎవరూ అడగరు. బాక్సులు అద్దెకిచ్చినవాణ్ణి అడగరు. ఎగిరినవాణ్ణి అడగరు. నేను అడిగాను. ఒక కుర్రాడు, మావాడే, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పగలు గాజువాక వైపు ఒక షెడ్డులో వెల్డింగ్ హెల్పరు, పండగ రోజుల్లో డీజే బండి మీద బాక్సులు ఎత్తుతాడు.

"ఏం బేటా, ఆ పాటలు నువ్వే పెడతావా?" అన్నాను.

"మామూ, నేను వైర్లు కలుపుతాను. పాటలు వాళ్లు పెన్‌డ్రైవ్‌లో తెస్తారు. అద్దె ఇచ్చినోడు ఏది పెట్టమంటే అది."

"మాటలు వింటావా?"

"వినకపోతే ఎలా మామూ, బాక్సు పక్కనే కదా ఉండేది."

"మరి?"

"ఎవరైనా పేరడిగితే చిన్నా అని చెప్తాను."

అంతకంటే ఏం మాట్లాడలేదు. మాట్లాడటానికేముంది? ఇప్పుడు చెప్పండి, 'సరదా పాటే కదా' అనే మిత్రులారా. పేరు దాచుకుని, తనని తిట్టే పాటకి తనే కరెంటు కలిపే కుర్రాడికి అది ఏ రకం సరదా? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసినప్పుడు, పుట్టుకతోనే అంటిన అనుమానం గురించి తెలుగులో మొదటిసారి అంత గట్టిగా విన్నాం. ముప్ఫై ఏళ్లు దాటాయి. అప్పుడు క్రికెట్ స్కోరు దగ్గర మమ్మల్ని పరీక్షించారు. ఇప్పుడు బాక్సుల దగ్గర.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. 'మరి మీ అజాన్ మైకు సంగతేమిటి?' అడగండి, జవాబు చెబుతాను. శబ్దానికి ఈ దేశంలో చట్టముంది. 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా లౌడ్‌స్పీకర్ల మీద ఆంక్షని 2005 జూలైలో సుప్రీంకోర్టు గట్టిచేసింది. ఆ కొలత మసీదుకీ వర్తిస్తుంది, గుడికీ వర్తిస్తుంది, చర్చికీ, పెళ్లి బండికీ వర్తిస్తుంది. అజాన్ మైకు ఎక్కువైతే తగ్గించమనండి, తగ్గించాల్సిందే. కానీ నా ఫిర్యాదు మోత గురించి కాదు. అజాన్‌లో పొరుగువాడి ప్రస్తావన లేదు. నమాజుకి రమ్మని నమ్మినవాళ్లని పిలవడమే ఉంది. భజనలోనూ అంతే, చర్చి పాటలోనూ అంతే. పొరుగువాణ్ణి పొమ్మనే పాట చెవిలో గుసగుసగా పాడినా తప్పే. డెసిబెల్ మీటరుతో ద్వేషాన్ని కొలవలేం. మోత గురించి మాట్లాడుతూ మాటల సంగతి దాటెయ్యడం తెలివైన ఎత్తు.

మనవాళ్లకీ చెప్పాల్సింది చెప్పాలి. ఎదుటివాడి బండికంటే మా బండి పెద్దదని మన కుర్రాళ్లు మిలాద్ జులూసుల్లో డీజేలు పెట్టడం మొదలుపెట్టారు. ఎవరి పుట్టినరోజుకి, ఏ మోత! గణేశ్ నిమజ్జనాల మీదా మిలాద్ ఊరేగింపుల మీదా ఫిర్యాదులు వచ్చాకే 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. ద్వేషపు పాటకి జవాబు ఇంకో మతం బాక్సులు కాదు. అది ఓడిపోయినవాడి అనుకరణ. ఇంకోవైపు మన పెద్దలు కొందరు సంగీతమే హరామ్, దాని మాటెందుకు అని చెవులు మూసుకుంటారు. జనాబ్, మీరు మూసుకుంటే మీకు వినపడదేమో, పాట ఆగదు. మన పిల్లలు వింటూనే ఉన్నారు. వాళ్లతో దాని గురించి మాట్లాడేవాడు ఇంట్లో లేకుండా పోతాడు, అంతే. మెజారిటీ విమర్శకుడు కళ పేరుతో మూసుకున్న చెవినే మీరు దీన్ పేరుతో మూసుకుంటున్నారు.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. అది మెత్తటిది. మమ్మల్ని సమర్థించబోయే మంచి మనుషులు వెంటనే షేక్ చినమౌలానా పేరు ఎత్తుతారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరంతో రంగనాథుణ్ణి కొలిచిన మహానుభావుడు. 2020లో పద్మశ్రీ అందుకున్న నాదస్వర దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీల పేర్లు చెబుతారు. 1997లో స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండినప్పుడు ఏ.ఆర్. రహమాన్ తెచ్చిన 'వందేమాతరం' ఆల్బమ్ చెబుతారు. అదీ రాజకీయ ఆల్బమే, అందులోనూ కంప్యూటర్ దరువులున్నాయి, దేశమంతా ఎగిరింది. ఆ పేర్లంటే నాకూ గర్వమే. పల్లెల్లో పీర్ల పండగకి ఎవరు పీరు ఎత్తుతారో, ఎవరు డప్పు కొడతారో, అలావా చుట్టూ ఎవరెవరు కలిసి ఎగురుతారో మనందరికీ తెలుసు. ఆ దరువులో ఏ కులానిది ఏ దెబ్బో విడదీయడం ఎవరి తరమూ కాదు.

కానీ ఆ గర్వాన్ని అర్జీగా మార్చడం నాకు ఇష్టం లేదు. 'గుడి ముందు సన్నాయి ఊదాం, దేశానికి జేజేలు పాడాం, కనక మమ్మల్ని బతకనివ్వండి' అని అడగాలా? నాదస్వరం ఊదిన ముస్లిం మంచి ముస్లిం, కోపంగా పాడిన ముస్లిం అనుమానితుడు అనే లెక్కని ఒప్పుకున్నట్టే అవుతుంది. ప్రాడిజీ కుర్రాళ్లు బూతులతో చట్టాన్ని తిట్టడానికి ముందు ఏ చర్చిలో ఆర్గన్ వాయించారని ఎవరూ అడగలేదు. దేవుణ్ణి పొగిడే హక్కు మాకిచ్చారు, సంతోషం. ప్రభుత్వాన్ని తిట్టే హక్కు కూడా మాకున్నదే. అది ఎవరూ ఇవ్వక్కర్లేదు.

ఇక ఈ ఊరి సంగతి. ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతం దేవుడి మేళంగా పుట్టలేదు. టెక్నో పుట్టింది కార్ల ఫ్యాక్టరీల ఊరు డెట్రాయిట్‌లో, నల్లజాతి కుర్రాళ్ల చేతుల్లో. ఇంగ్లండులో తొలి ఎలక్ట్రానిక్ బృందాలు కొన్ని పుట్టింది షెఫీల్డులో. అదీ ఉక్కు ఊరే. యంత్రం పక్కన బతికేవాళ్లు యంత్రం మోతని తమ చేతిలోకి తీసుకుని దాన్ని ఎగిరించారు. మరి మన ఊరేమిటి? 1933లో తెరిచిన ఓడరేవు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఉక్కు కర్మాగారం. షిప్‌యార్డులో పనిచేసి, ఉత్తరాంధ్ర జానపదం దరువు మీద కార్మికుడి మాట పలికించిన వంగపండు ప్రసాదరావు తిరిగిన ఊరు. 2021 జనవరి 27న ఆ ఉక్కుని అమ్మేస్తామని కేంద్రం నిర్ణయిస్తే కూర్మన్నపాలెంలో శిబిరం వేసుకుని కూర్చున్నవాళ్ల ఊరు. రేవు దగ్గర ఒక కొండ మీద వెంకటేశ్వరుడు, ఒక కొండ మీద చర్చి, ఒక కొండ మీద ఇస్‌హాక్ మదీనా దర్గా. టూరిస్టులకి చూపించడానికి ఆ మూడు కొండలూ బాగా పనికొస్తాయి. ఆ కొండల కింద బస్తా మోసేవాడి పాట ఎక్కడుంది?

తప్పెటగుళ్లని గుండెకి కట్టుకుని ఎగిరే ప్రాంతం ఇది. ఛాతీకి తగిలే దరువు మనకి బాక్సులవాడు కొత్తగా నేర్పలేదు. ఉక్కు కొలిమి దగ్గరి కాంట్రాక్టు కార్మికుడి కడుపుమంటకి, రేవు నుంచి వచ్చే బొగ్గు ధూళికి, లారీ క్లీనరు నిద్రలేని రాత్రికి దరువు కట్టలేమా? అప్పారావూ అబ్దుల్లా ఒకే షిఫ్టు దిగి వస్తారు. ఒకే ధూళి పీలుస్తారు. ఇద్దరి ఉద్యోగమూ ఒకే కాగితంతో పోతుంది. ఆ సంగతి వాళ్లకి గుర్తురాకుండా చెయ్యడమే మన గల్లీ మొదట్లో ఆగే ఆ బండి అసలు పని. అప్పారావుకి ఎగరడానికి ఒక సాయంత్రం ఇచ్చి, తిట్టడానికి అబ్దుల్లాని ఇచ్చి, మిగతాది పట్టుకుపోతారు.

శ్రోత వెర్రివాడని నేను అనుకోను. ఎగిరే కుర్రాళ్లందరూ ద్వేషంతో ఎగరరు. చాలామంది ఒళ్లు అలిసి, రోజూ ఎవడి కిందో తలవంచి, ఆ ఒక్క రోజు తల ఎత్తడానికి ఎగురుతారు. ఆ ఆకలి నిజమైనది. అందుకే ఆ ఆకలికి ఏ తిండి పెడుతున్నారో చూడటం విమర్శకుడి బాధ్యత.

కాబట్టి అడుగుతున్నాను. సాహిత్య పేజీల సంపాదకులారా, ఈ సంవత్సరం మీ ఊళ్లో పండగ బండి మీద మోగిన పాటల్ని కూర్చుని వినండి. మాటలు రాసుకోండి. దరువు ఎక్కడ ఆగిందో, ఆగిన చోట ఏ మాట పెట్టారో గుర్తుపెట్టండి. పుస్తక సమీక్ష వేసే చోటే ఆ సమీక్ష వెయ్యండి. అకీ నవాజ్ మూడు చరణాల్లో ఒక్కటే విన్న పత్రికల్లా కాకుండా, అన్ని చరణాలూ వినండి. మన పిల్లలు కట్టే పాటనీ ఇదే కొలతతో కొలవండి, మొహమాటపడకండి. మాకు మినహాయింపు అక్కర్లేదు, ఒకే కొలత చాలు.

మన పిల్లలకి చెప్పేది ఇంకొకటి. బేటా, వైర్లు కలపడం నీకు వచ్చు. దరువు ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో బాక్సు పక్కన నిలబడి నేర్చుకున్నావు. ఇక మాట కూడా నీదే పెట్టు. కింద పేరు రాయాల్సి వస్తే చిన్నా అని రాయకు. మీ అమ్మీ పిలిచే పేరే పూర్తిగా రాయి.